ఆరు గదుల రివాల్వర్‌లో ఐదే తూటాలు ఎందుకు?

కృష్ణగారి 'మోసగాళ్ళకు మోసగాడు' చూశారా? 1971లో వచ్చిన ఆ సినిమా స్టయిల్ అంతా వెస్టర్న్ సినిమాల నుంచి వచ్చిందే. ఆ వెస్టర్న్‌లలో హీరో నడుముకి ఎక్కువగా కనిపించేది ఒకటే రివాల్వర్: కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ. 1873లో అమెరికా సైన్యం తీసుకున్న మోడల్ అది.

సింగిల్ యాక్షన్ అంటే ట్రిగ్గర్‌కి ఒకటే పని, హ్యామర్‌ని వదలడం. అందుకే ప్రతి షాట్‌కీ ముందు బొటనవేలితో హ్యామర్‌ని వెనక్కి లాగాలి. లాగుతుంటే నాలుగు క్లిక్‌లు వినిపిస్తాయి. ఆ శబ్దం కోసమే పాతవి వెతికి కొనే కలెక్టర్లు ఉన్నారు.

కానీ ఇందులో ఒక పెద్ద లోపం ఉంది. హ్యామర్ కిందికి ఉన్నప్పుడు దాని ముందున్న పిన్ నేరుగా తూటా వెనక ప్రైమర్‌ని తాకుతూ ఉంటుంది. తుపాకీ చెయ్యి జారి హ్యామర్ మీద పడిందంటే పేలిపోవచ్చు. సేఫ్టీ గాడి ఒకటి ఉంది కానీ, గట్టి దెబ్బకి అది విరగొచ్చు. అందుకే తెలిసినవాళ్ళు ఐదే తూటాలు నింపి, హ్యామర్‌ని ఖాళీ గది మీద ఉంచేవాళ్ళు.

మరి తెలియనివాళ్ళ సంగతి?

నా మొదటి ఉద్యోగంలో ఒక స్క్రిప్ట్ ఉండేది. రన్ చేసే ముందు ఒక సెట్టింగ్ మార్చాలి. టీమ్‌లో అందరికీ తెలుసు, ఎక్కడా రాసి లేదు. ఒకరాత్రి కొత్తగా చేరిన కుర్రాడు అలాగే రన్ చేశాడు, డేటా మొత్తం పోయింది. ఆ కుర్రాడు నేనే! మాది బ్యాకప్‌తో తిరిగొచ్చింది. తూటాకి బ్యాకప్ ఉండదు కదా.

1940ల మొదట్లో కోల్ట్ దీని తయారీ ఆపేసింది. 1950లలో టీవీ వెస్టర్న్‌లతో మళ్ళీ క్రేజ్ వచ్చింది. 1953లో రూగర్ కంపెనీ 'సింగిల్ సిక్స్' తెచ్చింది, 1956లో కోల్ట్ కూడా మళ్ళీ మొదలుపెట్టింది. రూగర్ లోపలి స్ప్రింగులు మార్చింది కానీ, ఐదు తూటాల జాగ్రత్త మాత్రం తప్పలేదు.

చివరికి 1973లో రూగర్ 'ట్రాన్స్‌ఫర్ బార్' పెట్టింది. చిన్న స్టీల్ పట్టీ అది. ట్రిగ్గర్ నొక్కి ఉంచితేనే పైకి లేచి, హ్యామర్ దెబ్బని పిన్‌కి చేరుస్తుంది. నొక్కకపోతే దెబ్బ పిన్ దాకా పోదు. ఇక ఆరు తూటాలూ నింపొచ్చు. కోల్ట్ వచ్చిన సరిగ్గా 100 ఏళ్ళకి!

తర్వాత రూగర్ తన పాత రివాల్వర్లకి కూడా ఈ మార్పు ఉచితంగా చేసిపెడతానంది, తీసిన పాత పార్టులు కూడా తిరిగి ఇస్తానంది. అయినా పాత ఫీల్ పోతుందని చాలామంది కలెక్టర్లు మార్పించరు. అలాగే ఉంచుకోండి, తప్పులేదు. కానీ రేపు అది మీ పిల్లల చేతికి వెళ్తే, ఆ ఐదు తూటాల మాట వాళ్ళకి ఎవరు చెప్తారు?

మీరైతే మార్పిస్తారా, అలాగే ఉంచుతారా? కామెంట్‌లో చెప్పండి. ఉంటా మరి!