జ్ఞాపకాన్ని నేసిన చేతులు

కంప్యూటర్ 'మెమరీ'ని మనం జ్ఞాపకం అని తెలుగు చేసుకుంటాం గానీ, ప్రోగ్రాములు రాసేవాళ్లకు అది ముందుగా జాగా. ఏ పనికి ఎంత జాగా ఇవ్వాలి, ఎంతసేపు ఇవ్వాలి, పనయ్యాక ఎలా వెనక్కి తీసుకోవాలి - దీన్నే కేటాయింపు అంటారు. ఉన్న జాగా చాలక పని పొంగిపొర్లితే అది ఓవర్‌ఫ్లో. అప్పుడు లోపం వెతికేవాళ్లు వేసుకునే ప్రశ్నలు చాలా మామూలువి. జాగా ఎవరు తీసుకున్నారు? ఎవరు తిరిగి ఇవ్వలేదు? చాలనప్పుడు ఎవర్ని బయటికి నెట్టారు? ఆ నిర్ణయం ఎవరిది? ఇవేవీ నాకు కొత్త ప్రశ్నల్లా అనిపించవు. స్త్రీల చరిత్ర రాసేవాళ్లందరం వీటినే వేరే మాటల్లో అడుగుతూ వస్తున్నాం. అందుకే చంద్రుడి మీదికి మనిషి వెళ్లిన కథను రాకెట్ వైపు నుంచి కాక, ఆ నౌకలోని చిన్న కంప్యూటర్ మెమరీ వైపు నుంచి చెప్పాలనుకుంటున్నాను.

1969 జూలై 20న అపోలో 11 యాత్రలో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, బజ్ ఆల్డ్రిన్ ఈగిల్ అనే నౌకలో చంద్రుడి మీదికి దిగుతున్నారు. ఇంకా 30,000 అడుగుల పైన ఉండగానే కంప్యూటర్ మీద 1202 అనే అంకె వెలిగింది. దిగేలోపు అదే హెచ్చరిక నాలుగు సార్లు, 1201 అనే మరో హెచ్చరిక ఒకసారి వచ్చాయి. రెండింటి సారాంశమూ ఒకటే: పనులకు ఇవ్వడానికి జాగా మిగల్లేదు. హ్యూస్టన్‌లో ఉన్న జాక్ గార్మన్, స్టీవ్ బేల్స్ అనే యువకులు క్షణాల్లో ఆలోచించుకుని, దిగడం ఆపక్కర్లేదని తేల్చారు. ఇంతవరకు చాలామందికి తెలిసిన కథే. అసలు జాగా ఎందుకు మిగల్లేదన్నది తక్కువమందికి తెలుసు.

ఆ కంప్యూటర్‌ను అమెరికాలోని ఎం.ఐ.టి. ఇన్‌స్ట్రుమెంటేషన్ లాబొరేటరీ రూపొందించింది. రాసి చెరపడానికి వీలున్న మెమరీ అందులో 2,048 'పదాలు' మాత్రమే. పదం అంటే ఇక్కడ పదహారు బిట్లు. నడిచే ప్రతి పనికీ అందులోంచి 12 పదాల తావు ఇస్తారు. లెక్క పెద్దదైతే 44 పదాల తావు ఇంకొకటి ఇస్తారు, అలాంటివి ఉన్నవి ఐదే. పని ముగిశాక తావు ఖాళీ చేయాలి. నౌక ఎక్కడుందో, ఎంత వేగంతో పోతోందో చూసుకునే ముఖ్యమైన పని ప్రతి రెండు సెకన్లకూ ఒకసారి మొదలవుతుంది. ఆ రోజు పాతది ముగిసి తావు వదలకముందే కొత్తది వచ్చి తావు అడిగింది. చిన్న తావులు నిండిపోతే 1202, పెద్దవి ఐదూ నిండిపోతే 1201.

మరి పని సమయానికి ఎందుకు ముగియలేదు? పైన తిరుగుతున్న నౌకను మళ్లీ కలుసుకోవడానికి ఈగిల్‌లో ఇంకో రాడార్ ఉంది. దిగడానికి దానితో పని లేదు. దాని విద్యుత్తు, కంప్యూటర్ విద్యుత్తు ఒకే వేగంతో నడుస్తున్నాయి గానీ వాటి అడుగు కలవలేదు. రెండూ ఒకే వేగంతో ఉండాలని కాగితం మీద రాసుకున్నారు, అడుగు కూడా కలవాలని రాసుకోలేదు. దాంతో కదలని రాడార్ కదులుతున్నట్టుగా 'ఒకటి కలుపు', 'ఒకటి తీసెయ్' అంటూ సెకనుకు 12,800 దాకా సంకేతాలు వచ్చిపడ్డాయి. ఒక్కోదానికి పట్టేది సెకనులో లక్షో వంతుకు కాస్త ఎక్కువ. అన్నీ కలిపితే కంప్యూటర్ కాలంలో దాదాపు ఏడో వంతు. ఇంజనీర్లు దీన్ని 'సైకిల్ స్టీలింగ్' అంటారు. అంటే కాలాన్ని దొంగిలించడం.

ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. రాసుకోవడానికి కూర్చున్న స్త్రీకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. 'ఒక్క నిమిషం ఇలా రా', 'తాళంచెవి ఎక్కడ పెట్టావు', 'పాలవాడొచ్చాడు చూడు' - ఏ ఒక్కటీ లెక్కలోకి వచ్చేంత పెద్దది కాదు. సాయంత్రానికి కథ సగంలో ఆగిపోయి ఉంటుంది. అయితే ఒక తేడా ఉంది. కంప్యూటర్ 'చాలడం లేదు' అన్నప్పుడు దాని కాలాన్ని ఏది తినేస్తోందో ఇంజనీర్లు వెతికారు. అదే మాట ఆడమనిషి అన్నప్పుడు ఆమె చాకచక్యాన్నే శంకిస్తారు.

జాగా నిండినప్పుడు ఆ కంప్యూటర్ కుప్పకూలలేదు. హాల్ లానింగ్ రూపొందించిన పద్ధతి ప్రకారం ప్రతి పనికీ ముందే ఒక ప్రాధాన్యం ఇచ్చి ఉంచారు. పొంగిపొర్లగానే అది చేతిలో ఉన్నవన్నీ వదిలేసి మళ్లీ మొదలైంది. ఏ పనుల్ని తిరిగి ఎత్తుకోవాలో వాటినే ఎత్తుకుంది, మిగిలినవి జారిపోయాయి. నౌకను నడిపే లెక్క ఆగలేదు. ఇది గొప్ప ఆలోచనే. కానీ ఇందులో ఒక సంగతి చూడండి. ఇరుకు వచ్చినప్పుడు ఏది జారిపోవాలన్నది ఆ క్షణంలో తీసుకున్న నిర్ణయం కాదు. ఎంతో ముందు, నేల మీద, బల్లల ముందు కూర్చున్నవాళ్లు రాసిపెట్టిన నిర్ణయం. జారిపోయిన పని పనే కాదని ఎవరూ అనలేరు. దానికిచ్చిన ప్రాధాన్యం తక్కువ, అంతే. చరిత్ర రచనకు కూడా ఇలాంటి ప్రాధాన్యాల పట్టిక ఒకటుందని నేను అనుకుంటున్నాను. అదే కంప్యూటర్ రెండో మెమరీ చరిత్ర చూస్తే ఆ పట్టిక కనిపిస్తుంది.

ఆ రెండో మెమరీ చెరపలేనిది. ప్రోగ్రామంతా అందులోనే ఉంటుంది, 36,864 పదాలు. దాన్ని నేశారు. ఈ మాట ఉపమానం కాదు. చిన్న చిన్న అయస్కాంతపు ఉంగరాల వరుసల్లోంచి రాగి తీగను సూదితో పోనిచ్చేవారు. తీగ ఉంగరంలోంచి పోతే ఒకటి, పక్కనుంచి పోతే సున్నా. ఒక్క కంప్యూటర్‌కు అలా దాదాపు 5 లక్షల 90 వేల 'లోంచి', 'పక్కనుంచి'లు కావాలి. ఈ పని మసాచుసెట్స్‌లోని వాల్తమ్ ఊళ్లో, రేథియన్ కంపెనీ ఫ్యాక్టరీలో స్త్రీలు చేశారు. చిల్లుల టేపుతో నడిచే యంత్రం సరైన ఉంగరాన్ని ఎదురుగా తెచ్చి నిలిపితే, అటొకరు ఇటొకరు కూర్చుని సూదిని అందించుకునేవారు. ఒక ప్రోగ్రాం నేయడానికి వారాలు పట్టేది. నేశాక దిద్దుబాటు చాలా కష్టం కాబట్టి తనిఖీ మీద తనిఖీ జరిగేది.

వాల్తమ్‌లో ఆ పని జరగడం కాకతాళీయం కాదు. 1814లో బోస్టన్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ పత్తి వడకడం, బట్ట నేయడం ఒకే కప్పు కింద మొదలుపెట్టింది అక్కడే. పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలే అందులో కార్మికులు. తర్వాత అదే ఊరు గడియారాలకు పేరుపొందింది. బట్టల మిల్లుల్లో, గడియారాల పనిలో చేయి తిరిగిన స్త్రీలనే రేథియన్ తీసుకుంది. నూట యాభై ఏళ్ల నేత నైపుణ్యం అలా చంద్రుడి దాకా వెళ్లింది.

ఆ మెమరీకి ఇంజనీర్లు పెట్టుకున్న ముద్దుపేరు 'లిటిల్ ఓల్డ్ లేడీ మెమరీ', అంటే ముసలమ్మల మెమరీ. ఒక్కో ప్రోగ్రాం బాధ్యత చూసే మనిషిని, మగవాడైనా సరే, 'రోప్ మదర్' అనేవారు. తల్లి, ముసలమ్మ - పిలుపుల్లో స్త్రీలు బాగానే ఉన్నారు. తీగ పోనిచ్చిన చేతుల పేర్లు మాత్రం మనం చెప్పుకునే కథలోకి రాలేదు.

తెలుగు పాఠకులకు ఇది దూరపు సంగతి కాదు. పోచంపల్లి ప్రాంతంలో చీర మగ్గమెక్కకముందే ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న పుల్లల చుట్టూ నూలును తిప్పుతూ, ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. తరతరాలుగా అది ఆడవాళ్ల పని. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం చేసి దానికి ఆమె పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. యంత్రం వచ్చి, దానికొక పేరు వచ్చాకే బయటివాళ్లకు ఆ భుజం నొప్పి కనిపించింది. అయినా ఇప్పటికీ నేతపని అనగానే మన కళ్లముందు నిలిచేది మగ్గం మీద కూర్చున్న మగమనిషే.

అపోలో కథలో బాగా వెలుగులోకి వచ్చిన స్త్రీ మార్గరెట్ హామిల్టన్. నౌకలోని సాఫ్ట్‌వేర్ బృందానికి నాయకత్వం వహించింది. సెలవు రోజుల్లో చిన్న కూతుర్ని వెంటబెట్టుకుని ల్యాబ్‌కు వెళ్లేది. ఆ పాప ఆడుకుంటూ మీటలు నొక్కి, ప్రయాణం మధ్యలో ప్రయోగానికి ముందు వాడే ప్రోగ్రాంను పిలవడంతో నమూనా యంత్రం ఆగిపోయిందని హామిల్టన్ చెప్పింది. అలాంటి పొరపాటును పట్టుకునే తనిఖీ పెడదామంటే, వ్యోమగాములు పొరపాటు చెయ్యరని పైవాళ్లు కాదన్నారు. 1968 డిసెంబరులో అపోలో 8లో జిమ్ లవెల్ సరిగ్గా ఆ ప్రోగ్రాంనే పిలిచాడు. దిశ చూపే వివరాలు చెరిగిపోయాయి, మళ్లీ పైకి పంపాల్సి వచ్చింది. బిడ్డను వెంట తెచ్చుకున్న తల్లి కళ్లముందు బయటపడ్డ లోపం అది.

2016లో ఆమెకు అమెరికా అధ్యక్షుడు ఒబామా ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ఇచ్చాడు. తన ఎత్తున్న ప్రోగ్రాం కాగితాల దొంతర పక్కన నిలబడి నవ్వుతున్న ఆమె ఫోటో లోకమంతా తిరిగింది. నాకూ ఆ ఫోటో ఇష్టమే. కానీ దాని కింద 'చంద్రయాత్రను కాపాడిన స్త్రీ' అని రాసినప్పుడు నాకు ఇబ్బందిగా ఉంటుంది. ఒక మహాపురుషుడి జాగాలో ఒక మహాస్త్రీని కూర్చోబెడితే కేటాయింపు పద్ధతి మారినట్టు కాదు. ఆ పద్ధతిలో ఎప్పుడూ ఒక్కరికే చోటు. లానింగ్‌తో పాటు ఎందరో ప్రోగ్రామర్లు, వాల్తమ్ నేతకత్తెలు మళ్లీ బయటే ఉంటారు.

'ఆడవాళ్ల వేళ్లు సన్నవి, ఓపిక ఎక్కువ' అన్న మాట వాల్తమ్‌తో ఆగలేదు. 1965 నుంచి 1975 వరకు న్యూమెక్సికోలోని షిప్‌రాక్‌లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీ చిప్పుల ఫ్యాక్టరీ నడిపింది. పనిచేసింది ఎక్కువగా నవాహో ఆదివాసీ స్త్రీలు. వాళ్ల రగ్గుల అల్లికను చిప్పు మీది గీతలతో పోలుస్తూ 1969లో కంపెనీ ఒక చిన్న పుస్తకమే వేసింది. నైపుణ్యాన్ని పుట్టుకతో వచ్చే గుణంగా చూపిస్తే దానికి కూలి పెంచక్కర్లేదు, పేరు రాయక్కర్లేదు. మన శ్రీసిటీలో 2015లో మొదలైన సెల్‌ఫోన్ల తయారీలోనూ పనికి తీసుకున్నది ఎక్కువగా యువతులనే. రేపు వాళ్ల చరిత్ర ఎవరు రాస్తారు?

ఈ పనికి మనకొక దారి ఉంది. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్లి, కూర్చుని, వాళ్ల మాటల్లోనే విన్నది. కావాల్సింది అదే ఓపిక. ఎవరి పేరైనా కనిపించనప్పుడు 'వాళ్లు ఏం చేశారని?' అని అడగడం తప్పు ప్రశ్న. అక్కడ 1202 వెలిగిందనుకోవాలి. జాగా ఎవరు తీసుకున్నారు, ఎవరి పనిని తక్కువ ప్రాధాన్యంలో వేశారు అన్న చోటి నుంచి వెతకడం మొదలుపెట్టాలి.