ప్రతిజ్ఞ రాసిన ట్రెజరీ ఆఫీసరు, పాట పాడని ముగ్గురు పిల్లలు

ఆరో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా మా స్కూల్లో ప్రతిజ్ఞ చెప్పించే పని నాది. గొంతు పెద్దది కాబట్టి ఆ పదవి దక్కింది, వేరే అర్హతలేమీ లేవు. స్టేజి అంటే మూడు మెట్ల సిమెంటు గట్టు. దాని మీద నిలబడి, కుడి చెయ్యి ముందుకు చాపి ఒక్కో ముక్కా నేను చెప్తుంటే కింద నాలుగు వందల మంది తిరిగి అనేవాళ్ళు. ఎండ మొహం మీద కొడుతుండేది. సగానికి వచ్చేసరికి చేతులు వాలిపోవడం మొదలయ్యేది. పీఈటీ సారు వరసల మధ్య తిరుగుతూ వాలిన చేతుల్ని బెత్తంతో పైకి లేపేవారు.

మా క్లాసులో ఒక ముస్లిం కుర్రాడు ఉండేవాడు. పొడుగు కాబట్టి వరసలో చివర నిలబడేవాడు. వాడి దగ్గరికి రాగానే సారు ఆగేవారు. "ఏరా, గొంతు వినపడట్లేదు?" వాడు గట్టిగా అనేవాడు. "ఇంకా." ఇంకా గట్టిగా అనేవాడు. ముందురోజు పాకిస్తాన్‌తో మ్యాచ్ ఉంటే ఈ తంతు రెండుసార్లు. మేం నవ్వేవాళ్ళం. నేనేమో సారు పని అయ్యేదాకా తర్వాతి వాక్యం చెప్పకుండా ఆగేవాణ్ణి. ఆ ఆగడం చాలాసార్లు రెండో వాక్యం దగ్గరే జరిగేది. భారతీయులంతా తోబుట్టువులని చెప్పే వాక్యం అది. ఈ సంగతి నాకు తట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది.

బడిలో దేశభక్తి నేర్పాలా వద్దా అని ఇప్పుడు ఎవరైనా వాదన మొదలుపెడితే నాకు ముందు ఆ గట్టు గుర్తొస్తుంది. ఆ తర్వాత, నేను మూడేళ్ళు రోజూ చెప్పించిన ఆ ప్రతిజ్ఞ ఎవరు రాశారో మాకు ఒక్కసారి కూడా ఎవరూ చెప్పలేదన్న సంగతి గుర్తొస్తుంది.

రాసినాయన పైడిమర్రి వెంకట సుబ్బారావు. నల్గొండ దగ్గర అన్నెపర్తిలో 1916లో పుట్టారు. 1962లో విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా పనిచేస్తూ ఆ ప్రతిజ్ఞ రాశారు, తెలుగులోనే. దాన్ని తెన్నేటి విశ్వనాథం గారికి చూపిస్తే ఆయన అప్పటి విద్యాశాఖ మంత్రి పి.వి.జి. రాజు గారికి అందించారు. 1963లో విశాఖ బళ్ళలో పిల్లలు మొదటిసారి చదివారు. 1964లో బెంగుళూరులో ఎం.సి. చాగ్లా అధ్యక్షతన జరిగిన కేంద్ర విద్యా సలహా మండలి సమావేశం దీన్ని దేశమంతా చెప్పించాలంది. అనువాదాలు జరిగి, 1965 జనవరి 26 నుంచి అన్ని రాష్ట్రాల బళ్ళలోకి వెళ్ళింది. తాను రాసింది దేశమంతా చెప్తోందని ఆయనకే చాలాకాలం తెలియలేదనీ, మనవరాలు పాఠ్యపుస్తకంలోంచి చదువుతుంటే విని గుర్తుపట్టారనీ అంటారు. 1988లో పోయారు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు అచ్చవడం ఆ తర్వాతెప్పటికో గాని జరగలేదు. ట్రెజరీ ఆఫీసు మనిషి కదా, జమాఖర్చుల్లో తన పేరు రాసుకోలేదు.

ఆ ప్రతిజ్ఞని పెద్దయ్యాక కూర్చుని చదివితే రెండు విషయాలు కనిపిస్తాయి. ఇది చైనాతో యుద్ధం జరిగిన ఏడాదిలో రాసింది. అయినా అందులో శత్రువు లేడు. సైన్యం లేదు, సరిహద్దు లేదు, జెండా కూడా లేదు. ఉన్నదల్లా తోబుట్టువులు, తల్లిదండ్రులు, టీచర్లు, పెద్దవాళ్ళు, ఎదురుపడిన వాళ్ళందరితో మర్యాదగా ఉండటం. రెండోది, గర్వం అనే మాట ఒక్కసారే వస్తుంది. అది కూడా బహువిధమైన వారసత్వం గురించి. ఆ వెంటనే వచ్చే వాక్యం, దానికి తగినవాణ్ణి కావడానికి పాటుపడతానని. అంటే పిల్లవాడు గర్వపడిన మరుక్షణమే అప్పుపడతాడు. ఇంత సంగతి ఉన్న వాక్యాల్ని మేం ఊపిరి తీసుకోకుండా, ఎక్కడ విరవాలో తెలియకుండా, గుణింతంలా చెప్పేశాం.

ఆ తేదీ చూడండి: 1965 జనవరి 26. రాజ్యాంగం ఇచ్చిన పదిహేనేళ్ళ గడువు ముగిసి హిందీ కేంద్ర ప్రభుత్వానికి అధికార భాష కావాల్సిన రోజు కూడా అదే. ఆ గణతంత్ర దినాన్ని సంతాప దినంగా పాటించమని డీఎంకే పిలుపిచ్చింది. ముందురోజే మదురైలో గొడవలు మొదలయ్యాయి. మద్రాసు రాష్ట్రమంతా కాలేజీ పిల్లలు రోడ్ల మీదకొచ్చారు. ఒక చోట దేశం ఒక్కటేనని ప్రతిజ్ఞ మొదలవుతుంటే ఇంకో చోట అదే వయసు పిల్లలు నల్లజెండాలు పట్టుకున్నారు. వాళ్ళకి దేశభక్తి పాఠం చెప్పి ఉంటే గొడవ తగ్గేదా? తగ్గించింది పాఠం కాదు. ఇంగ్లీషు కొనసాగుతుందని శాస్త్రి ప్రభుత్వం మాట ఇవ్వడం, 1967లో ఆ మాటని చట్టంలోకి ఎక్కించడం. దేశం తన మాట వింటుందని తెలిసిన మనిషికి దేశం మీద కోపం కొంత తగ్గుతుంది. దానికి ప్రార్థనా సమావేశం అక్కర్లేదు.

సుబ్బారావు గారు పుట్టిన నేల మీద ఇంకో పాట కథ ఉంది. నిజాం రాజ్యంలో బడి పిల్లలు పాడింది నిజాం పాలన కలకాలం వర్ధిల్లాలని దేవుణ్ణి కోరే పాట. రాజభక్తి నేర్పడంలో ఆ బళ్ళకి మొహమాటమేమీ లేదు. అలాంటి బళ్ళలోంచి వచ్చిన పిల్లలే 1938లో ఉస్మానియా హాస్టల్లో వందేమాతరం పాడారు. అధికారులు పాడొద్దన్నారు. పిల్లలు సమ్మె చేశారు. వందల మందిని విశ్వవిద్యాలయం నుంచి పంపేశారు. చాలామంది నాగపూర్ వెళ్ళి చదువుకున్నారు, వాళ్ళలో పి.వి. నరసింహారావు ఒకరు. ఏళ్ళ తరబడి రోజూ పాడించిన పాట గొంతులోనే ఉండిపోయింది. ఎవరూ పాడమనని పాట కోసం చదువు వదులుకున్నారు.

ఈ కథని మనం ఇక్కడే ఆపేసి చప్పట్లు కొడతాం. కానీ ఆ వందేమాతరం కూడా అందరికీ ఒకలా వినిపించిన పాట కాదు. అందులో దేశం దేవతగా మారే చరణాల మీద ముస్లింలకి అభ్యంతరం ఉందని తెలిసే, సరిగ్గా ఏడాది ముందు, 1937లో, కాంగ్రెస్ కార్యవర్గం మొదటి రెండు చరణాలు మాత్రమే పాడాలని తీర్మానించింది. జైళ్ళకి వెళ్తూ వస్తున్న మనుషులు, పక్కవాడికి ఏ ముక్క గొంతులో అడ్డం పడుతుందో ఆలోచించి, తమ పాటని తామే కత్తిరించుకున్నారు. నా దృష్టిలో మన దేశభక్తి చరిత్రలో అది చిన్న సంగతి కాదు. ఏ క్లాసులోనూ నాకు చెప్పలేదు.

ఉస్మానియా తర్వాత నలభై ఏడేళ్ళకి, 1985లో, కేరళలోని ఒక బడి నుంచి ముగ్గురు తోబుట్టువుల్ని పంపేశారు. ఈసారి తప్పు పాట పాడటం కాదు, పాడకపోవడం. వాళ్ళు యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకి చెందినవాళ్ళు. జనగణమన మొదలవగానే అందరితోపాటు లేచి నిలబడేవాళ్ళు, కదిలేవాళ్ళు కాదు, కానీ దేవుణ్ణి తప్ప ఇంకెవర్నీ గానంతో స్తుతించకూడదని వాళ్ళ నమ్మకం. అందుకని నోరు మెదిపేవాళ్ళు కాదు. వాళ్ళ అక్కలు అదే బళ్ళో అలాగే నిలబడి చదువుకుని వెళ్ళారు, ఎవరూ పట్టించుకోలేదు. ఒకరోజు ఒక శాసనసభ్యుడు చూశాడు. శాసనసభలో లేవనెత్తాడు. విచారణ జరిగింది. పిల్లలు బుద్ధిమంతులు, గీతాన్ని అవమానించలేదు అని విచారణలోనే తేలింది. అయినా పై నుంచి ఉత్తర్వు, ప్రధానోపాధ్యాయురాలి సంతకం, పిల్లలు ఇంటికి.

కేరళ హైకోర్టు వాళ్ళ మొర వినలేదు. సుప్రీంకోర్టులో ఆ కేసు విన్న ఇద్దరు జడ్జీల్లో, తీర్పు రాసినాయన తెలుగువాడు, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. 1986 ఆగస్టు 11న, అంటే స్కూళ్ళలో జెండా పండగ రిహార్సల్స్ నడిచే వారంలో, తీర్పు వచ్చింది. గీతం పాడి తీరాలనే చట్టం ఈ దేశంలో ఏదీ లేదు. 1971 చట్టం శిక్షించేది పాడేవాళ్ళని అడ్డుకున్నవాళ్ళని, మౌనంగా ఉన్నవాళ్ళని కాదు. లేచి నిలబడటమే గౌరవం. విద్యాశాఖ సర్క్యులర్లు చట్టాలు కావు. పిల్లల్ని మళ్ళీ బళ్ళో చేర్చుకోండి. తీర్పు చివర్లో ఆయన సహనం గురించి రాసిన రెండు మూడు వాక్యాలు లా కాలేజీ పిల్లలకి కంఠతా వచ్చు. బడి పిల్లలకి మాత్రం ఎక్కడా కనపడవు. బిజో ఇమ్మానుయేల్ కేసు అని వెతికితే మొత్తం దొరుకుతుంది, పెద్దదేం కాదు, ఒక గంట పని.

ఆ తీర్పులో అమెరికా కేసుల ప్రస్తావన ఉంది, దాని వెనక కథ కూడా ఇలాంటిదే. అక్కడి బడి ప్రతిజ్ఞని 1892లో ఫ్రాన్సిస్ బెలమీ అనే సోషలిస్టు పాస్టరు రాశాడు, బళ్ళకి జెండాలు అమ్మే ఒక పత్రిక కోసం. (దేశభక్తిలో వ్యాపారం మన టీవీ చానళ్ళు కనిపెట్టింది కాదు.) 1940లో జెండాకి వందనం చెయ్యని పిల్లల్ని బడి నుంచి తీసెయ్యొచ్చని అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత యెహోవా సాక్షుల మీద ఊళ్ళకి ఊళ్ళు దాడులు చేశాయి. మూడేళ్ళకే, అదీ ప్రపంచ యుద్ధం మధ్యలో, అదే కోర్టు తన మాట తనే కొట్టేసింది. ఇప్పుడు టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో గుండె మీద చెయ్యి పెట్టుకుని ఆ ప్రతిజ్ఞ చెప్పే మన తెలుగు పిల్లలకి, చెప్పకుండా కూర్చునే హక్కు కూడా ఆ తీర్పు నుంచే వచ్చింది.

ఇదంతా చెప్పి బడిలో దేశం ఊసే వద్దు అంటానా? అనను. పిల్లలు ఎలాగూ నేర్చుకుంటారు. బడి చెప్పకపోతే వాట్సప్ చెప్తుంది. 2021లో ఢిల్లీ ప్రభుత్వం నర్సరీ నుంచి పన్నెండో తరగతి దాకా దేశభక్తి పాఠ్యక్రమం అని మొదలుపెట్టినప్పుడు అందులో పరీక్షలు పెట్టలేదు. అదొక్కటీ నాకు నచ్చింది. కానీ గర్వాన్ని ఒక పీరియడ్‌గా టైంటేబుల్లో పెట్టడం అర్థం కాదు. గర్వం వచ్చేదైతే లెక్కల పీరియడ్‌లో, తెలుగు పీరియడ్‌లో వస్తుంది. సిగ్గు కూడా అక్కడే వస్తుంది, రావాలి.

నల్గొండ పిల్లలకి 1948 సెప్టెంబరు 17 గురించి ఏం చెప్తాం? ఒకరు విమోచన దినం అంటారు, ఒకరు విలీనం అంటారు, ఇంకొకరు సమైక్యతా దినం. రజాకార్లు ఊళ్ళ మీద పడి చేసిన దారుణాలు నిజం. దొరల మీద తిరగబడిన రైతులు నిజం. సైన్యం వచ్చాక ముస్లింల మీద జరిగిన హత్యాకాండ కూడా నిజం. నెహ్రూ ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ చనిపోయినవాళ్ళు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేసింది, ఆ నివేదికని దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. మొదటి రెండూ చెప్పి మూడోది దాచేస్తే మిగతా క్లాసు గర్వంగా ఇంటికెళ్తుంది. చివరి వరసలో ఉన్న పిల్లవాడికి మాత్రం ఇంట్లో నానమ్మ చెప్పిన కథ ఒకటి, పుస్తకంలో ఉన్నది ఇంకొకటి. ఎవరు అబద్ధం చెప్తున్నారో తేల్చుకునే పని పన్నెండేళ్ళవాడి మీద పడుతుంది. వాణ్ణి గట్టిగా ప్రతిజ్ఞ చెప్పమంటే ఏ గొంతుతో చెప్తాడు?

పోయినేడాది మా బ్యాచ్ వాళ్ళందరం కలిసినప్పుడు వాడు వచ్చాడు. ఇప్పుడు మోటార్ల రీవైండింగ్ షాపు ఉంది. భోజనాలయ్యాక పక్కకి పిలిచి, ఆ ప్రేయర్ రోజుల సంగతి ఎత్తాను. క్షమాపణ లాంటిదేదో చెప్పాలని నా ఉద్దేశం. సారు సంగతి పెద్దగా గుర్తులేదన్నాడు. అందర్నీ కొట్టేవాడు కదా అన్నాడు. తర్వాత కాసేపాగి, "నువ్వు పైన చెప్పడం ఆపి చూస్తుండేవాడివి కదరా, అది గుర్తుంది" అన్నాడు. ఈలోగా ఎవరో గ్రూప్ ఫొటోకి పిలిచారు. పొడుగు కాబట్టి వాడు మళ్ళీ వెనక వరసలోకే వెళ్ళి నిలబడ్డాడు.