చవుక కారు కథ

మందమర్రిలో దసరా పండుగనాడు ఏ వీధిలోనికి పోయినను ఒక దృశ్యము తప్పక కనబడును. సింగరేణి క్వార్టరు ముంగిట కడిగి తుడిచిన చిన్న కారు ఒకటి నిలిచియుండును. ముందు అద్దమునకు పసుపు కుంకుమలు, బానెట్టుపై బంతిపూల దండ, చక్రముల క్రింద నిమ్మకాయలు. ఇంటి యజమాని కొబ్బరికాయ కొట్టి, పిల్లలను ఎక్కించుకొని, పాలపిట్టను చూచుటకు ఊరి వెలుపలికి తీసికొనిపోవును. ఆ కారు కొత్తది కానక్కరలేదు. చేతులు మారి వచ్చినదైనను, పదునైదేండ్లు నిండినదైనను పూజ తప్పదు. కొంచెము ఆలోచించి చూచినచో ఆ పూజలో భక్తి ఎంత కలదో భయమును అంతే కలదు. ‘ఈ యేడు మమ్ము దారిలో నిలుపకుము తల్లీ’ అను ప్రార్థన దానిలో ఇమిడియున్నది.

చవుక కారు చరిత్ర యనగా ఆ ప్రార్థన చరిత్రయే. కారు వెల ఎంత అను ప్రశ్నకు సమాధానము కొనిన నాడే తెలియును. అది నమ్మదగినదా అను ప్రశ్నకు సమాధానము తెలియుటకు ఏండ్లు పట్టును. ఒక్కొక్కప్పుడు ఒక్క రాత్రి చాలును. ఈ రెండు ప్రశ్నల నడుమ మన దేశపు మధ్యతరగతి కుటుంబము ఇన్నేండ్లు ఎట్లు నడచినదో, అందులో మా బొగ్గు పట్టణపు అనుభవమెట్టిదో నేడు ముచ్చటింతము.

ఇల్లెందు ప్రాంతమున 1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు డాక్టరు విలియం కింగు బొగ్గును కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ ఏర్పడినది. 1920లో దానికి సింగరేణి కాలరీస్ అను పేరు వచ్చినది. బొగ్గు పొరల వెంబడి గనులు గోదావరి లోయలో ఉత్తరమునకు సాగి బెల్లంపల్లి, మందమర్రి ప్రాంతములను చేరినవి. మందమర్రిలోని గనులకు కల్యాణి ఖని అను పేరు స్థిరపడినది. ఆ రోజులలో బొగ్గు రైలుమీద పోయెడిది. మనుష్యులును రైలుమీదనో బస్సుమీదనో పోయెడివారు. నిజాం ప్రభుత్వ రైల్వే వారు 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిరి. సామాన్యునికి మోటారు ప్రయాణమనగా అదియే. కారు దొరలకును, పెద్ద అధికారులకును చెందిన వస్తువు. బాయిపనికి పోవువాడు దానిని దూరమునుండి చూచుటయే గాని ఎక్కుట లేదు.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట విదేశీ భాగములను దిగుమతి చేసికొని ఇచ్చట బిగించి అమ్మెడి కంపెనీలు 1950లలో దేశము విడిచిపోయినవి. ఇచ్చటనే భాగములను తయారుచేయుటకు ఒప్పుకొనినవి మిగిలినవి. కారు కొనదలచిన గృహస్థునకు ముఖ్యముగా మూడు పేర్లు వినబడెడివి: కలకత్తా చేరువ ఉత్తరపారాలోని హిందుస్థాన్ మోటార్సు వారి అంబాసిడరు, బొంబాయిలోని ప్రీమియర్ ఆటోమొబైల్సు వారి ఫియట్, మద్రాసులో తయారగు స్టాండర్డు హెరాల్డు. అంబాసిడరు 1950ల చివరను, హెరాల్డు 1961లోను వచ్చినవి. ఫియట్‌ను, హెరాల్డును చిన్న కార్లనెడివారు. కాని ఆ చిన్నతనము పరిమాణములోనే గాని వెలలో లేదు. పైగా డబ్బు చేతనున్నను కారు చేతికి రాదు. ముందుగా సొమ్ము కట్టి ఏండ్ల తరబడి కాచుకొనియుండవలెను. దేశమంతటికిని సాలుకు యాబది వేల కార్లయినను తయారు కాని కాలమది.

ఇంత కాచుకొనిన పిదప వచ్చిన కారు ఎట్టిది? ఆనాటి యజమానుల నడిగినచో జాబితా చెప్పెదరు. ప్లాటినము పాయింట్లు మాటిమాటికి కాలిపోవును. కార్బురేటరులో చెత్త చేరును. ఫ్యాను బెల్టు తెగును. వేసవిలో ఇంజను వేడికి గొట్టములోని పెట్రోలు ఆవిరియై పంపునకు అందకుండ పోవును. అప్పుడు కారు నడిరోడ్డున ఊపిరాడని మనిషివలె దగ్గి నిలిచిపోవును. దానికి మందు ఇంటి వైద్యమే: తడిగుడ్డను పంపుమీద చుట్టి, చెట్టు నీడన కాసేపు కూర్చుండుట. అందుచేత ఆ కాలపు కారులో స్టెప్నీతోపాటు ఒక నీళ్ల డబ్బా, గుడ్డపేలిక, గరుకు కాగితము, ఒక బెల్టు తప్పక ఉండెడివి. యజమాని సగము మెకానిక్కు కాక తప్పెడిది కాదు. కారు నమ్మదగినది కాదు. కాని దానిని దారిపక్కనే విప్పి బాగుచేసికొనవచ్చును. ఇదియొక విధమైన నమ్మకము.

1960లలో కార్ల నాణ్యత దిగజారుచున్నదను ఫిర్యాదులు పెరిగినవి. దానిపై ప్రభుత్వ విచారణయు జరిగినది. పోటీ లేనిచోట శ్రద్ధ యుండదనుట అనుభవసిద్ధము. ఎంత లోపమున్నను కొనువారు వరుసలో నిలిచియున్నప్పుడు లోపమును దిద్దుకొనవలసిన తొందర ఎవరికి? ఈ లోపల సామాన్యునికి అందుబాటులో చిన్న కారు కావలెనను ఆలోచనయు సాగుచునే యున్నది. 1959లో ఎల్.కె. ఝా అధ్యక్షతన ఏర్పడిన సంఘము ఈ విషయమును పరిశీలించినది. తరువాత పదేండ్లు చర్చలలో గడచినవి. 1971లో మారుతీ లిమిటెడ్ అను కంపెనీ స్థాపింపబడినది గాని, ప్రజలకు కార్లు అందింపకయే ఆ దశాబ్దపు చివర మూతబడినది. 1981లో ప్రభుత్వరంగమున మారుతీ ఉద్యోగ్ ఏర్పడి, మరుసటి సంవత్సరము జపానుకు చెందిన సుజుకీతో ఒప్పందము కుదుర్చుకొనినది.

1983 డిసెంబరు 14వ తేదీన ఆనాటి ప్రధాని ఇందిరాగాంధీ గుర్‌గావ్ కర్మాగారములో మొదటి కారు తాళపు చెవులను కొనుగోలుదారునకు అందించిరి. 796 సీసీల మూడు సిలిండర్ల ఇంజను, ముందు చక్రములతో లాగు పద్ధతి, యాబది వేల రూపాయలకు అటునిటైన వెల. అంతకు పూర్వమే లక్షకు మించి జనులు డబ్బు కట్టి పేర్లు నమోదు చేసికొనియుండిరి. పెద్ద కార్లకు అలవాటుపడినవారు దానిని అగ్గిపెట్టె యని పరిహసించిరి. కాని ఆ అగ్గిపెట్టె ఉదయమున తాళము త్రిప్పగనే కదలెడిది. ఒక కారు భాగము మరియొక కారునకు సరిగా అమరెడిది. ఊరూర సర్వీసు కేంద్రములు లేచినవి. చవుకతనము, నమ్మకము ఒకే బండిలో ప్రయాణము చేయగలవని మన దేశమున మొదటిసారి గట్టిగా రుజువైనది అప్పుడే. 2014లో దాని తయారీ నిలిచెను. అదే యేడు అంబాసిడరు తయారీయు నిలిచిపోయినది.

మా పట్టణమునకు ఈ మార్పు మెల్లగా వచ్చినది. 1990ల ఆరంభమున సింగరేణి సంస్థయే నష్టములలో మునిగియుండెను. అప్పుడు కార్మికుని కల స్కూటరు వరకే. సంస్థ కోలుకొని, ఏటేట కార్మికులకు లాభములలో వాటా పంచుట మొదలయిన తరువాత కారు మాట ఇండ్లలో వినబడసాగినది. కొత్తది కొనలేనివారు కరీంనగరమునుండియో హైదరాబాదునుండియో చేతులు మారిన దానిని తెచ్చుకొనిరి. నంబరు పలకలను చూచినచో ఈ ప్రాంతపు చరిత్ర చదువవచ్చును. ఏపీ 01 యనగా పాత ఆదిలాబాదు, ఏపీ 15 యనగా కరీంనగరము. 2014లో తెలంగాణ ఏర్పడగా టీఎస్ వచ్చినది. 2016లో మంచిర్యాల జిల్లా కాగా టీఎస్ 19 వచ్చినది. 2024నుండి కొత్త బండ్లకు టీజీ. ఈ నాలుగు తరముల పలకలును మా వీధిలో నేటికిని ప్రక్కప్రక్కన నిలిచి కనబడును.

మా ఇంటికి వచ్చిన కారును ఇట్టి పాతదే. అది ఏ సంస్థ తయారుచేసినదో చెప్పుట మా ఉద్దేశము కాదు. తప్పు ఎవరిదో మీరే వినెదరు గాక. నాన్నగారు బాయిపని చాలించిన యేడు, వచ్చిన సొమ్ములో కొంత వెచ్చించి దానిని కొంటిమి. రెండేండ్లు అది మమ్ము బాగుగనే త్రిప్పినది. వేసవిలో వేడి చూపు ముల్లు కొంచెము పైకి లేచెడిది. మేము బోరు నీళ్లు పోసి సరిపెట్టుకొంటిమి. ఒక మే నెల రాత్రి అమ్మకు గుండెలో నొప్పి వచ్చినది. కరీంనగరము కొంపోవలెననిరి. దాదాపు నూరు కిలోమీటర్ల దూరము. గోదావరి వంతెన దాటితిమి, పెద్దపల్లియు దాటితిమి. అంతలో బానెట్టు క్రిందనుండి తెల్లని ఆవిరి పొంగినది. బండి నిలిచినది. రేడియేటరు రబ్బరు గొట్టము చీలియుండెను.

ఆ చీకటిలో అమ్మ మా చేయి పట్టుకొని, “భయపడకుండ్రి బిడ్డా, మెల్లగనే పోదాం” అని మాకే ధైర్యము చెప్పినది. అర్ధగంటకు ఒక బొగ్గు లారీ ఆగినది. డ్రైవరు దిగి, సైకిలు ట్యూబు ముక్కను గొట్టమునకు బిగించి కట్టి, ఇంజను చల్లారువరకు మూత తీయనీయక, పిదప తన డబ్బాలోని నీళ్లు పోసెను. డబ్బులీయబోగా, “అమ్మను తీస్కపోండ్రి అన్నా, ముందు అది చూడుండ్రి” అనెను. రెండు గంటలు ఆలస్యముగా ఆసుపత్రి చేరితిమి. అమ్మ బ్రతికినది. అయినను ఆ రెండు గంటల వలన గుండె ఎంత బలహీనపడినదో ఆమె తరువాతి నడకలో ప్రతిదినము మేము చూచితిమి.

మరునాడు మెకానిక్కు రేడియేటరు విప్పి చూపించెను. బోరు నీటిలోని సున్నము సన్నని గొట్టములలో రాయివలె పేరుకొనియుండెను. నీరు తిరుగు దారి మూసికొని, వేడి పెరిగి, పాతబడిన రబ్బరు చీలినది. ఇంక కొంత దూరము నడిపియుండినచో ఇంజను తల వంగిపోయెడిదట. “సార్, బండిది తప్పు లేదు. ముల్లు పైకి లేసి అది రెండు ఎండకాలాల సంది చెప్తనే ఉన్నది. మీరే వినలే” అనెను. మేము మారు పలుకలేదు. కూలెంటు కొనుటకు కొన్ని వందల రూపాయలు వెనుకాడినవారము మేమే కదా.

చవుక కారు చరిత్రలో మరియొక అధ్యాయము మిగిలియున్నది. స్కూటరుపై నలుగురు కూర్చుండి వానలో పోవు కుటుంబమును చూచి రతన్ టాటాకు కలిగిన ఆలోచన 2008 జనవరి 10న ఢిల్లీ ప్రదర్శనలో నానో అను పేర బయటపడినది. కర్మాగారము బెంగాలులోని సింగూరునుండి గుజరాతులోని సానందుకు మారవలసివచ్చినది. 624 సీసీల రెండు సిలిండర్ల ఇంజను వెనుక భాగమున. తుడుపు కఱ్ఱ ఒక్కటి. చక్రమునకు మూడేసి బోల్టులు. మొదటి రకము వెల లక్ష రూపాయలకు చేరువ. 2009లో రెండు లక్షలకు పైగా జనులు పేర్లు నమోదు చేసికొనిరి. కాని కొన్ని కార్లకు నిప్పంటుకొనినదను వార్తలు వచ్చినవి. కంపెనీ వారు అదనపు రక్షణ ఏర్పాట్లను ఉచితముగా చేసియిచ్చెదమని ప్రకటించిరి. అయినను 2010 నవంబరులో దేశములో అమ్ముడుపోయినవి 509 మాత్రమే. 2018నాటికి తయారీ దాదాపు నిలిచిపోయినది. అన్నిటికంటె చవుక కారు అని చాటుటయే పొరపాటైనదని టాటాయే తరువాత అంగీకరించిరి. చవుక అను మాట వినగనే జనులకు వెల గాక, లోపము తోచినది. తక్కువ వెలకు పరవశించి వచ్చినవారు నమ్మకము సడలగనే వెనుకకు మరలిరి.

దీనినుండి మేము గ్రహించినది ఒక్కటే. నమ్మకము కర్మాగారమున కొంత పుట్టును. మెకానిక్కు చేతిలో కొంత పెరుగును. మిగిలినది యజమాని కనిపెట్టి యుండుటలో నిలుచును. ఈ మూటిలో ఏది లోపించినను బండి నడిరాత్రి నిలుచును. ఈ సంగతి బాయిపని చేయువారికి ఒకరు నేర్పనక్కరలేదు. పనిస్థలములో మైనింగు సర్దారు కఱ్ఱతో పైకప్పును తట్టి, చప్పుడు వినును. గట్టి కప్పు ఒక తీరుగ పలుకును, వదులైనది మరియొక తీరుగ పలుకును. నిన్న నిలిచినది గనుక నేడును నిలుచునని అతడు అనుకొనడు. నాన్నగారు నలువది యేండ్లు ఆ చప్పుడు వినినవారే. ఇంటి ముంగిట నిలిచిన బండి చప్పుడును మాత్రము మా ఇంట ఎవరమును వినలేదు.

రిజిస్ట్రేషను గడువు పదునైదేండ్లకు తీరును. 2022 ఏప్రిల్ నుండి దానిని పొడిగించు రుసుము 600 రూపాయలనుండి 5000 అయినది. మా కారునకును ఆ గడువు వచ్చినప్పుడు అమ్మివేయుడని పలువురు సలహా ఇచ్చిరి. అమ్మ ఒప్పుకొనలేదు. “అది నన్ను సగం తొవ్వలో నిలిపిన మాట నిజమే, కని సగం తొవ్వ తీస్కపోయింది గద” అనెను. రేడియేటరు మార్పించి, రబ్బరు గొట్టములన్నియు కొత్తవి వేయించితిమి. నేటికిని ప్రతి ఆదివారము ఉదయము ఇంజను చల్లగానున్నప్పుడు మూత తీసి నీటిమట్టము చూచుట మా ఇంటి నియమము. దసరానాడు నిమ్మకాయలు పెట్టుట మానలేదు. కాని వాని కంటె ముందు బానెట్టు తెరచుచున్నాము.