ఇంటి పొయ్యి మీద సీసపు గుండు

1776 జూలై 9వ తేదీన న్యూయార్కు నగరములో జనము గుమిగూడి ఆంగ్ల రాజు మూడవ జార్జి విగ్రహమునకు తాళ్లు కట్టి పడగొట్టినారు. గుఱ్ఱమెక్కిన రాజును మలచి, బంగారుపూత పూసి, 1770లో నిలిపిన విగ్రహమది. పైపూత బంగారమైనా లోపలిదంతా సీసమే. బరువు సుమారు 4,000 పౌండ్లు. స్వాతంత్ర్య యుద్ధము ఆరంభమై ఏడాది దాటినది. అమెరికను సేనకు గుండ్ల కొరత తీవ్రముగా ఉన్నది. విగ్రహమును ముక్కలు చేసి కనెక్టికట్‌లోని లిచ్‌ఫీల్డు అనే ఊరికి తరలించినారు. దారిలో కొన్ని ముక్కలను రాజపక్షమువారు అపహరించగా, మిగిలినవి ఆలివర్ వుల్‌కాట్ అనే నాయకుని ఇంటికి చేరినవి. అక్కడ ఆ ఇంటివారు, ఇరుగుపొరుగువారు కలిసి రాజుగారిని కరగించి గుండ్లు పోసినారు.

ఎవరెవరు ఎన్ని తయారుచేసినారో వ్రాసిన పట్టీ నేటికీ దొరుకుతున్నది. రూత్ మార్విన్ 11,592. వుల్‌కాట్ కుమార్తెలలో మేరీ ఆన్ 10,790, లారా 8,378. తొమ్మిదేండ్లు నిండని కుమారుడు ఫ్రెడరిక్ 936. అందరివీ కలిపి 42,088. పౌండుకు 17 గుండ్ల చొప్పున లెక్క వేసినా ఇది సుమారు 2,500 పౌండ్ల సీసము. పెద్ద కార్ఖానా చేయవలసిన పనిని కొందరు స్త్రీలు, పిల్లలు పెరటిలో చేయగలిగినారన్నమాట. ఇనుముతోగాని రాగితోగాని ఇది సాధ్యమయ్యేది కాదు.

కారణము ద్రవీభవన స్థానములలో ఉన్నది. ఇనుము కరగుటకు 1,538 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావాలి. రాగికి 1,085 డిగ్రీలు. సీసము 327 డిగ్రీలకే కరగుతుంది. కట్టెల పొయ్యి, ఇనుప మూకుడు, ఒక గరిటె ఉంటే చాలును. కరగిన సీసముపై తేలే తెట్టును తీసివేసి, రెండు దవడలవలె తెరుచుకొనే ఇనుప మూసలోనో, ఇత్తడి మూసలోనో పోస్తే క్షణములో గట్టిపడుతుంది. మూస విప్పి, గుండుకు అంటియున్న తోకను కత్తిరించడమే మిగిలిన పని.

చెప్పినంత సులువుగా మాత్రము గుండు కుదిరేది కాదు. మూస చల్లగా ఉంటే గుండు ముడతలు పడుతుంది. సీసము గట్టిపడేటప్పుడు ఘనపరిమాణము నూటికి మూడు పాళ్లకు పైగా తగ్గుతుంది. పోసే రంధ్రము వద్ద సీసము అదనముగా నిలిచి లోపలి లోటును పూడ్చకపోతే గుండు నడుమ బోలు ఏర్పడుతుంది. అప్పుడు గరిమనాభి కేంద్రము నుండి తొలగి, గుండు గాలిలో పక్కదారి పడుతుంది. అన్నిటికన్న పెద్ద అపాయము నీటి బొట్టు. కరగిన సీసములో తడి చేరితే నీరు ఒక్కసారిగా ఆవిరియై సుమారు 1,700 రెట్లు వ్యాపిస్తుంది. మూకుడులోని సీసము ముఖముపైకి చిమ్ముతుంది. అందుచేత ఒక్క తడి కడ్డీని కూడ పొయ్యి దరికి రానిచ్చేవారు కారు.

ఇంటింటా మూస ఉండుటకు మరొక కారణమున్నది. ఆ కాలపు తుపాకులను కంసాలి నగ చేసినట్లు ఒక్కొక్కదానిని చేతితో చేసేవారు. ఏ రెండు గొట్టముల రంధ్రములూ సరిగా ఒకే కొలతలో ఉండేవి కావు. పెన్సిల్వేనియాలో స్థిరపడిన జర్మను పనివారు రైఫిలును అమ్మేటప్పుడు దానికి సరిపోయే మూసను కూడ ఇచ్చేవారు. మూస పోగొట్టుకొన్నవాని తుపాకి కడ్డీతో సమానము!

గొట్టపు కొలతను కూడ సీసముతోనే చెప్పడము అలవాటు. '12 బోరు' అంటే, ఆ గొట్టములో సరిగా పట్టే సీసపు గుండ్లు 12 కలిపితే ఒక పౌండు తూగుతవి. విద్యార్థులు దీనిని లెక్క కట్టి చూడవచ్చు. పౌండు 453.6 గ్రాములు, అందులో పన్నెండవ వంతు 37.8 గ్రాములు. సీసము సాంద్రత 11.34 కాబట్టి గుండు ఘనపరిమాణము 3.33 ఘన సెంటీమీటర్లు, వ్యాసము 18.5 మిల్లీమీటర్లు. ఏనుగుల వేటకు 19వ శతాబ్దిలో వాడిన 4 బోరు రైఫిలు గుండు పావు పౌండు బరువు. బరువు మూడు రెట్లయినా వ్యాసము 26.7 మిల్లీమీటర్లే, అనగా ఒకటిన్నర రెట్లు కూడ కాదు. ఘనమూలము మహిమ ఇది. అంత పెద్ద గుండు కూడ మెత్తని సీసమైతే ఏనుగు కపాలమునకు తగిలి చదునైపోయేది. అందుచేత వేటగాళ్లు తగరమో, ఆంటిమొనీయో కలిపి గట్టిపరచేవారు. కొందరు పాదరసము కూడ కలిపేవారు. పాదరసపు ఆవిరి ఎంత విషమో ఎరిగినవారికి ఇది సాహసముగా కాదు, అవివేకముగానే తోస్తుంది.

రైఫిలు గొట్టము లోపల మెలితిరిగిన గాడులు ఉంటవి. గుండు వాటిని ఒరసుకొంటూ వస్తేనే బొంగరమువలె తిరిగి, గురి తప్పక పోతుంది. కాబట్టి గుండు గొట్టములో బిగువుగా ఉండాలి. కాని ఆనాటి తుపాకిలో గుండును మూతివైపు నుండియే లోనికి దించాలి. బిగువుగా ఉంటే దిగదు. వదులుగా ఉంటే గాడులు పట్టవు. బ్రిటిషు సేనలో 1800 ప్రాంతమున బేకర్ రైఫిలును ప్రవేశపెట్టినప్పుడు, గుండును దిగగొట్టుటకు సిపాయిలకు మొదట కొయ్య సుత్తులు కూడ ఇచ్చినారు. శత్రువు ఎదుట సుత్తితో కొట్టుకొంటూ కూర్చోవడము ఎంతటి అవస్థయో ఊహించవచ్చు. వేటగాడు నూనె పూసిన గుడ్డపీలికలో గుండును చుట్టి మెల్లగా దించేవాడు. వానికి తొందర లేదు.

వదులుగా లోనికి పోయి బిగువుగా బయటికి వచ్చే గుండు కావాలి. ఈ చిక్కుముడికి ఒక సూచన దక్షిణ భారతదేశమునుండి వెళ్లినదన్న సంగతి మన పాఠశాలలలో అంతగా తెలియదు. బ్రిటిషు సేనలోని 34వ రెజిమెంటు కెప్టెను జాన్ నార్టన్ ఇక్కడివారు ఊదుడు గొట్టముతో బాణములు వేయుట గమనించినాడు. బాణము మొదలు మెత్తని బెండుతో చేసియున్నది. ఊదినప్పుడు బెండు ఉబ్బి గొట్టపు గోడకు అంటుకొని, గాలిని పక్కనుండి పోనీయదు. దీనిని చూచి నార్టన్ 1823లో అడుగు బోలుగా ఉన్న నిడుపాటి సీసపు గుండును రూపొందించినాడు. తుపాకి మందు పేలినప్పుడు పుట్టే వాయువు ఆ బోలులోనికి చొచ్చి, మెత్తని సీసపు అంచును విప్పి గాడులలోనికి నొక్కుతుంది. బెండు చేసిన పనినే సీసము చేస్తున్నది. ప్రభుత్వము దానిని త్రోసిపుచ్చినది. గుండు అంటే గుండ్రముగానే ఉండాలనే నమ్మకము అంత గట్టిది.

1836లో విలియం గ్రీనర్ చేసిన సూచనకు కూడ అదే గతి పట్టినది. ఫ్రెంచి అధికారి మిన్యే 1849లో ఇటువంటి గుండును చేసి, బోలులో ఇనుప గిన్నె అమర్చగా, అందరూ దానిని అందిపుచ్చుకొన్నారు. బ్రిటిషు ప్రభుత్వము మిన్యేకు 20,000 పౌండ్ల సొమ్ము చెల్లించినది; గ్రీనరుకు 1857లో 1,000 పౌండ్లు ముట్టినది. ఆ ఇనుప గిన్నె కూడ అనవసరమని అమెరికాలో జేమ్స్ బర్టన్ నిరూపించినాడు. 1861 నుండి 1865 వరకు జరిగిన అమెరికను అంతర్యుద్ధములో ఇరుపక్షాలవారు వాడినది ఎక్కువగా ఈ గుండునే. సుమారు 32 గ్రాముల మెత్తని సీసము ఎముకకు తగిలితే చదునై, ఎముకను పిండి చేసేది. శస్త్రవైద్యులకు కాలో చెయ్యో తీసివేయడము తప్ప గత్యంతరము ఉండేది కాదు.

ఈ గుండు మన దేశ చరిత్రలోనికి వచ్చిన దారి మరొకటి. 1853 నాటి ఎన్‌ఫీల్డు రైఫిలు గొట్టము 0.577 అంగుళములు, అనగా 14.7 మిల్లీమీటర్లు. గుండును, మందును కలిపి కాగితములో చుట్టి తూటా చేసేవారు. నల్లమందు కాలితే గొట్టములో మసి గట్టిగా పేరుకొంటుంది. గుండునుండి సీసము కూడ ఒరసుకొని గాడులకు అంటుతుంది. నాలుగైదు సార్లు కాల్చేసరికి మరో గుండు దిగదు. అందుచేత గుండును చుట్టిన కాగితమునకు కొవ్వు, మైనము పూయవలసి వచ్చినది. సిపాయి తూటా కొసను పంటితో కొరికి, మందును గొట్టములో పోసి, కొవ్వు పూసిన కొసను తలక్రిందుగా లోనికి దించాలి. ఆ కొవ్వు ఆవుదో, పందిదో అన్న అనుమానము 1857 జనవరిలో డండం వద్ద బయటపడినది. తూటాను చేతితో చింపవచ్చునని తరువాత అనుమతించినా నమ్మకము మరి తిరిగి రాలేదు. తిరుగుబాటునకు రాజ్యములు పోవుట, భూముల సమస్య మొదలైన కారణములు ఎన్నో ఉన్నవి. తూటా ఒక్కటే కారణమనుట సరి కాదు. కాని తరగతిలో ఆ పాఠము చెప్పేటప్పుడు 'అసలు కొవ్వు ఎందుకు?' అని విద్యార్థి అడిగితే సమాధానము నల్లమందు మసిలోను, సీసపు మెత్తదనములోను ఉన్నది.

చిన్న రవ్వల సంగతి వేరు. బ్రిస్టలులో సీసపు గొట్టముల పనివాడైన విలియం వాట్స్ 1782లో పేటెంటు పొందిన పద్ధతిలో మూసయే లేదు. జల్లెడ గుండా కరగిన సీసమును ఎత్తునుండి వదిలితే, తలతన్యత వలన బొట్లు గుండ్రమై, క్రింద నీటిలో పడేలోగా గట్టిపడతవి. పెద్ద గుండు అంత త్వరగా చల్లారదు కాబట్టి మూస తప్పలేదు.

మూసను మూలకు నెట్టినది వేగము. 1884లో పాల్ వియే పొగరాని మందును కనిపెట్టినాడు. ఆ వేగమునకు వట్టి సీసము గాడులను పట్టలేక ఒలిచినట్లు అరిగిపోతుంది. గుండుకు రాగి తొడుగు వేయవలసి వచ్చినది. తొడుగు వేయుట పెరటి పని కాదు. నల్లమందు తుపాకుల మీద మక్కువగలవారు పాశ్చాత్య దేశాలలో ఇప్పటికీ ఇంట గుండ్లు పోసుకొంటారు.

సీసముతో పనిచేసేవారి ముఖము పాలిపోవునని రోమనుల కాలములోనే విట్రూవియస్ వ్రాసినాడు. పొయ్యి మీది తెట్టు, దాని దుమ్ము, ఆ చేతులతో తినే తిండి శరీరములోనికి సీసమును చేరుస్తవి. ఎదిగే పిల్లల మెదడుకు అది మరింత హాని. ఇంత వరకు నిరపాయకరమని చెప్పదగిన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. లిచ్‌ఫీల్డు పిల్లలకు ఈ సంగతి ఎవరు చెప్పగలరు?

గుండు తగిలిన జంతువులోనూ సీసము మిగిలిపోతుంది. వేటగాళ్లు వదిలిన కళేబరములను తిని కాలిఫోర్నియా కాండరు అనే పెద్ద రాబందు విషమెక్కి చచ్చిపోయేది. 1982 నాటికి ప్రపంచములో 22 పక్షులే మిగిలినవి. 2019 జూలై 1 నుండి కాలిఫోర్నియాలో వేటకు సీసపు గుండ్లు వాడరాదు. బదులుగా వచ్చిన రాగి గుండు సాంద్రత 8.96 మాత్రమే. అదే బరువు రావాలంటే గుండును పొడవు చేయాలి. పొడవైన గుండు నిలకడగా పోవాలంటే ఇంకా వేగముగా తిరగాలి. కాబట్టి తుపాకులు చేసేవారు గాడుల మెలికను మరల లెక్క కట్టుకొనవలసి వస్తున్నది.