పీత బొరియల్లో చమురు

1991 జనవరిలో, కువైట్‌ను ఆక్రమించి ఉన్న ఇరాక్ సేనలు మినా అల్ అహ్మదీ దగ్గరి సముద్ర టెర్మినల్ నుంచీ, అక్కడ నిలిచి ఉన్న ట్యాంకర్ల నుంచీ ముడిచమురును గల్ఫ్ జలాల్లోకి వదిలిపెట్టాయి. ఎంత వదిలాయన్న విషయంలో లెక్కలు 60 లక్షల పీపాల నుంచి కోటీ పది లక్షల పీపాల దాకా ఉన్నాయి. తక్కువ లెక్కనే తీసుకున్నా, అంతకు రెండేళ్ల ముందు అలాస్కాలో ఎగ్జాన్ వాల్డెజ్ ఓడ నుంచి ఒలికినదానికి ఇది ఇరవై రెట్లకు పైమాటే. ఆ చమురు అరేబియా ఒడ్డు వెంబడి ప్రవాహంతోపాటు దక్షిణానికి దిగింది; షమాల్ అనే వాయవ్యపు గాలి దాన్ని ఒడ్డుకు నెట్టింది. జుబైల్‌కు ఉత్తరాన, సముద్రంలోకి చేయి చాచినట్టుండే అబూ అలీ ద్వీపం అడ్డుపడకపోతే అది ఇంకెంత దూరం పోయేదో! ఖఫ్జీ నుంచి అబూ అలీ దాకా సౌదీ తీరం నల్లబడింది. వంపులన్నీ ఎలా కొలిచారన్నదాన్ని బట్టి దాని పొడవు 600 నుంచి 800 కిలోమీటర్లు.

అప్పుడు చేయగలిగిన పని కొద్ది, చేయవలసిన పని కొండంత. సౌదీ అధికారులు మొదట కాపాడింది సముద్రపు నీటిని మంచినీటిగా మార్చే కర్మాగారాల తూములను. రియాద్ నగరం తాగే నీరు జుబైల్ నుంచి గొట్టాల్లో వెళుతుంది గనుక ఆ వరుసక్రమంలో ఎవరికీ సందేహం కలగలేదు. నీటిమీద తేలుతున్న చమురులో పది లక్షల పీపాలకు పైగా తోడి తీశారు. పచ్చ తాబేళ్లు గుడ్లు పెట్టే కరాన్ ద్వీపంలో, ఆ ఏటి గుడ్ల కాలం మొదలయ్యేలోగా, నూనె పట్టిన ఇసుకను తొలగించారు. ఎవరికి హాని కలుగుతుంది, ఏ దారిన కలుగుతుంది, ఎంత తొందరగా కలుగుతుంది అన్న మూడు ప్రశ్నలే ఈ పనులన్నిటి వెనకా ఉన్నాయి. రిస్క్ అసెస్‌మెంట్ అని పిలిచే ముప్పు అంచనాకు మూలం ఇదే. అయితే ఆపద నెత్తిమీద ఉన్నప్పుడు ఈ ప్రశ్నలు వేసుకోవడం తేలిక. పన్నెండేళ్ల తరవాత, మిగిలిపోయిన మరకల విషయంలో వేసుకోవడమే కష్టమైంది.

ఆ మిగిలినది ఎక్కడ ఉండిపోయిందో కొంత వివరంగా చెప్పాలి. అలల తాకిడి ఉన్న ఇసుక ఒడ్లు చాలావరకు వాటంతటవే శుభ్రపడ్డాయి. మన కోస్తాలో పర్ర నేలలు అంటామే, అలాంటి ఉప్పు బురద నేలలు అక్కడి లోతట్టు ఖాతాల్లో విస్తారంగా ఉన్నాయి. ఆటుపోట్ల నీరు మెల్లగా వచ్చి మెల్లగా పోయే చోట్లు అవి. ఆ బురదను లక్షల కొద్దీ చిన్న పీతలు తొలిచి బొరియలు చేసుకుంటాయి. నేలకు గాలి ఆడేది ఆ బొరియల గుండానే; మొక్కల వేళ్లకు ప్రాణవాయువు చేరేదీ, ఉప్పు కడుక్కుపోయేదీ వాటి వల్లనే. చమురు ఒడ్డెక్కినప్పుడు ఈ బొరియల్లోకి దిగి, అర మీటరు దాకా లోపలికి పోయింది. పీతలు చచ్చాయి. బొరియలను మళ్లీ తవ్వేవారు లేకపోయారు. పైన నీలి-ఆకుపచ్చ నాచు చాపలా పరుచుకుని నేల నోరు మూసేసింది. ప్రాణవాయువు లేని చోట చమురును తినే సూక్ష్మజీవులు ఆకలితోనే ఉండిపోతాయి. అందుకే 2002-03లో గుంతలు తవ్వి చూసినప్పుడు కొన్ని చోట్ల ఇంకా ద్రవంగానే ఉన్న చమురు ఊరి వచ్చింది. నూనె పట్టిన మట్టి మొత్తం సుమారు 80 లక్షల ఘన మీటర్లని తేలింది.

ఇక జెనీవా సంగతి. 1991 ఏప్రిల్ 3న భద్రతా మండలి చేసిన 687వ తీర్మానం, కువైట్ ఆక్రమణ వల్ల పర్యావరణానికి జరిగిన నష్టానికి కూడా ఇరాక్‌నే బాధ్యురాలిని చేసింది. నష్టపరిహారం తేల్చడానికి ఐక్యరాజ్యసమితి ఒక కమిషన్‌ను ఏర్పరచింది. పర్యావరణ దావాలు విన్న ముగ్గురు సభ్యుల బృందానికి ఘనా దేశపు న్యాయకోవిదుడు థామస్ మెన్సా అధ్యక్షుడు. తీరప్రాంత శుద్ధికి సౌదీ అరేబియా అడిగినది సుమారు 470 కోట్ల డాలర్లు. కనిపించే చమురు మట్టినల్లా యంత్రాలతో తవ్వి తీసెయ్యాలన్నది ఆ దావా వెనకనున్న ఆలోచన. 2003 డిసెంబరులో కమిషన్ మంజూరు చేసినది సుమారు 46 కోట్ల 33 లక్షలు. దాదాపు పదో వంతు.

ఈ కోతను పిసినారితనంగా చూసినవారు ఉండవచ్చు. నాకు అలా తోచదు. వైద్యవృత్తిలో ఉన్నవారికి ఈ తర్కం కొత్తది కాదు: కడుపులో తునక ఉన్నంత మాత్రాన ప్రతి తునకనూ కోసి తీయం; అది చేసే కీడు, కోత చేసే కీడు రెంటినీ తూచి చూస్తాం. బ్రిటనీ తీరంలో 1978లో అమోకో కాడిజ్ ఓడ మునిగినప్పుడు, ఇల్ గ్రాండ్ దగ్గరి ఉప్పు బురద నేలను భారీ యంత్రాలతో చెక్కి శుభ్రం చేశారు. తాకకుండా వదిలిన పొరుగు నేలలు కొద్దేళ్లలో పచ్చబడితే, శుభ్రం చేసిన నేల కోలుకోవడానికి అంతకన్నా చాలాకాలం పట్టింది. మట్టితోపాటు నేల ఎత్తూ, నీటి కాలువల నడకా, విత్తనమూ అన్నీ పోయాయి మరి. మెన్సా బృందం పెట్టుకున్న ప్రమాణం దీనికి అనుగుణమైనదే: ఫలానా కాలుష్యాన్ని పూర్తిగా తొలగించడం కన్నా, ఆ ప్రకృతి వ్యవస్థ మళ్లీ తన పని తాను చేసుకోగలగడం ముఖ్యం.

ఈ ఆలోచనకు అప్పటికే ఇరవై ఏళ్ల చరిత్ర ఉంది. అమెరికాలో లవ్ కెనాల్ ఉదంతం తరవాత 1980లో సూపర్‌ఫండ్ చట్టం వచ్చింది. కలుషిత స్థలాలు వేలల్లో బయటపడ్డాయి. అన్నిటినీ సహజస్థితికి తేవడానికి ఏ ఖజానా చాలదని త్వరలోనే తెలిసివచ్చింది. 1983లో అక్కడి జాతీయ పరిశోధక మండలి ప్రచురించిన నివేదిక, రెడ్ బుక్‌గా పేరుపడ్డది, ముప్పును అంచనా కట్టడం వేరు, దాని గురించి ఏం చేయాలో నిర్ణయించడం వేరు అని స్పష్టంగా విడదీసింది. 1995 నాటికి పెట్రోలు ట్యాంకులు కారిన స్థలాలకు కూడా ముప్పు ఆధారంగా శుద్ధి చేసే ప్రామాణిక పద్ధతి తయారైంది. విషం ఉన్న చోటు, అది ప్రయాణించే దారి, దాన్ని అందుకునే ప్రాణి: ఈ మూడూ కలిస్తేనే ముప్పు. ఏ ఒక్కటి తెగినా ముప్పు తెగుతుంది.

ఈ గొలుసులో నాకు అనుమానం కలిగించేది మూడో కడియే. అందుకునే ప్రాణుల జాబితాను రాసేదెవరు? పటాన్‌చెరును చూడండి. మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే అక్కడి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్టు 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎంతో ఎక్కువ. కాలుష్యం కొలతల్లో అప్పటిదాకా చోటు దొరికింది లవణాలకూ, ప్రాణవాయువు అవసరానికీ. వాగులోని బాక్టీరియా మందును తట్టుకోవడం నేర్చుకుంటుందన్న ఊహకు ఆ పట్టికలో గడి లేదు. గడి లేనిదాని విలువ సున్నా అయిపోతుంది. ముప్పు అంచనా పేరుతో ఏమీ చేయకుండా ఉండిపోవడం సులువయ్యేది ఇక్కడే.

సౌదీ తీరంలో ఆ పొరపాటు జరగకపోవడానికి కారణం, జాబితాలో పీతకు చోటు దక్కడం. మనుషుల ఆరోగ్యాన్ని మాత్రమే తూచి ఉంటే, జనసంచారం లేని ఆ బురదలో ముప్పు స్వల్పమని తేల్చి వదిలేసేవారు. అదీ సరికాదని పన్నెండేళ్ల అనుభవం చూపింది: నాచు చాప కింద చమురు తనంతట తాను తరగలేదు. పాత కాలువల గట్ల వెంబడి, నీరు కదిలే చోట్ల మాత్రం పీతలూ మొక్కలూ మెల్లమెల్లగా తిరిగి వస్తున్నాయని పరిశోధకులు 1990లలోనే గమనించారు. శుద్ధి పనికి ఆ గమనింపే దారి చూపింది. జుబైల్‌కు ఉత్తరానున్న ఖాతాల్లో తరవాత చేపట్టిన పనుల్లో మట్టిని తరలించడం కన్నా పూడిపోయిన కాలువలను మళ్లీ తెరవడానికీ, లేని చోట కొత్తవి తవ్వడానికీ, గట్టిపడిన నాచు పొరను దున్ని విడగొట్టడానికీ ప్రాధాన్యం ఇచ్చారు. లోపల చమురు చాలావరకు అలాగే ఉంది. కాలువ వెంట పోటు నీరు వస్తుంది, దాంతోపాటు పీత పిల్లలు వస్తాయి. అవి నిలదొక్కుకున్న చోట తవ్వకం మొదలవుతుంది, ఆ బొరియల గుండా నేలలోకి గాలి దిగుతుంది.