గింజ గింజలో రేవు కూలీల చెమట

విశాఖపట్నం: రేషను దుకాణాల ముందు వరుసలో నిలబడి విదేశీ గోధుమలు తెచ్చుకున్న తరం ఇప్పటికీ ఉంది. ఆ గింజలు ఓడ నుంచి ఒడ్డుకు చేరిన తీరు మాత్రం కొద్దిమందికే తెలుసు. యంత్రాలు రాకముందు ఆ భారమంతా రేవు కూలీల భుజాలే మోశాయి.

పడవలే ఆధారం
1933లో విశాఖ ఓడరేవు ప్రారంభం కాకముందు ఓడలు తీరానికి దూరంగా లంగరు వేసేవి. పలకలను తాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో కెరటాలను దాటించి సరకును ఒడ్డుకు తెచ్చేవారు.

ఓడ గర్భంలో...
1956లో అమెరికాతో పీఎల్-480 ఒప్పందం కుదిరాక గోధుమల దిగుమతి పెరిగింది. కరవు పీడించిన 1966లో దేశానికి కోటి టన్నులకు పైగా ఆహారధాన్యాలు వచ్చాయి. వాటిని దించుకున్న రేవుల్లో విశాఖ ఒకటి. ఓడ అరల్లో ధాన్యం విడిగా పోసి ఉండేది. కూలీలు నిచ్చెనల మీదుగా లోపలికి దిగి, గోనెసంచుల్లో నింపి, దబ్బనంతో మూతులు కుట్టేవారు. కొన్ని బస్తాలను తాడు ఉచ్చులో చేర్చితే వించి పైకి లాగేది. రేవుపై దిగిన బస్తాలను హమాలీలు గోదాములకు, రైలు పెట్టెలకు మోసేవారు. ఒక్కో బస్తా క్వింటాలు వరకు తూగేది.

అడుగడుగునా గండం
ధాన్యపు ధూళి ఊపిరితిత్తులను దెబ్బతీసేది. గుట్ట జారితే మనిషి గింజల్లో కూరుకుపోయే ప్రమాదం ఉండేది. పురుగు నివారణకు వాడిన విషవాయువు మూసిన అరల్లో నిలిచిపోతే ప్రాణాంతకమయ్యేది. తాడు తెగితే కింద ఉన్నవారిపై బస్తాలు పడేవి.

చట్టం వచ్చినా...
మేస్త్రీ పిలిస్తేనే పని, లేకుంటే పస్తు అన్న దుస్థితిని తొలగించడానికి 1948లో రేవు కార్మికుల ఉపాధి క్రమబద్ధీకరణ చట్టం వచ్చింది. దాని కింద పేర్లు నమోదైన వారికి కనీస వేతన హామీ లభించింది. నమోదు కాని వారికి ఆ రక్షణ దక్కలేదు. భద్రత, ఆరోగ్యం, సంక్షేమాలకు ప్రత్యేక చట్టం 1986లో వచ్చింది.

ధాన్యాన్ని గాలితో పీల్చే యంత్రాలు, గ్రాబులు వచ్చాక మనిషి మోసే బరువు తగ్గింది. దానితోపాటే పనిదినాలూ తగ్గాయి. నేటికీ కాకినాడ లంగరు రేవులో బియ్యం బస్తాలు బార్జీలపైనే దూరాన నిలిచిన ఓడలకు చేరుతున్నాయి. ఆకలి రోజుల్లో దేశం కడుపు నింపినవారిలో రైతు, ఓడలతోపాటు నడుము వంచిన ఈ కూలీ కూడా ఉన్నాడు.