పది సెకన్లు, ఒక గంట: ఎలుకల కడుపు చెప్పిన చరిత్ర

డ్యూటీలో ఉండి ఈ వారం ఎపిసోడ్ వినలేకపోయిన వాళ్ల కోసం ఆ కథను ఇక్కడ రాసి పెడుతున్నాం.

జాన్ గార్సియా 1917లో కాలిఫోర్నియాలో పుట్టాడు. అమ్మానాన్నలు స్పెయిన్ నుంచి వలస వచ్చి పొలాల్లో కూలి చేసినవాళ్లు. ఆయన కూడా లారీ మెకానిక్‌గా పనిచేశాడు. పీహెచ్‌డీ పట్టా చేతికొచ్చేసరికి 1965 అయింది.

ఆ రోజుల్లో శాస్త్రవేత్తలు గట్టిగా నమ్మిన మాట ఒకటుంది: జంతువు నేర్చుకోవాలంటే ఫలితం వెంటనే అందాలి. 1948లో గ్రైస్ అనే పరిశోధకుడు నలుపు, తెలుపు దారుల్లో ఒకదాన్ని ఎంచుకోవడం ఎలుకలకు నేర్పాడు. మేత వెంటనే పెడితే తొందరగా నేర్చుకున్నాయి. ఐదు సెకన్లు ఆగి పెడితే వందలసార్లు తిప్పాల్సి వచ్చింది. పది సెకన్లు ఆగితే కొన్నిటికి అసలు రానేలేదు.

గార్సియా చూసింది వేరు. శాన్‌ఫ్రాన్సిస్కోలో నేవీ ల్యాబ్‌లో రేడియేషన్ మీద పనిచేస్తున్నప్పుడు, తీపి నీళ్లు తాగాక జబ్బుపడిన ఎలుకలు మళ్లీ ఆ నీళ్లను ముట్టడం లేదని గమనించాడు. 1966లో పరీక్ష పెట్టాడు. తీపి నీళ్లు తాగించి, దాదాపు గంట ఆగి, కడుపులో తిప్పే సూది వేశాడు. కొద్దిసార్లలోనే ఎలుకలు ఆ తీపిని వదిలేశాయి. పది సెకన్లెక్కడ, గంటెక్కడ! చాలామంది నమ్మలేదు. పెద్ద పత్రికలు ఆయన వ్యాసాల్ని తిప్పి పంపాయి.

మరి అంతసేపట్లో తిన్నవాటిలో తప్పు దేనిదో ఎలుకకి ఎలా తెలుస్తుంది? 1967లో రెవుస్కీ, బెదార్ఫ్ అనే ఇద్దరు దీనికి జవాబు చూపించారు. అలవాటైన తిండి ఒకటి, కొత్తది ఒకటి పెట్టి, తర్వాత జబ్బు చేయించారు. ఎలుకలు ఎక్కువగా వదిలేసింది కొత్తదాన్నే. అలవాటైనదాన్ని ముందు ఎన్నోసార్లు తిన్నాయి, ఏమీ కాలేదు. ఆ పాత అనుభవమే దాన్ని కాపాడింది.

అంటే ఆలస్యం ఎంతైందన్నది ఒక్కటే లెక్క కాదు. నేర్చుకునేది ఏమిటి, ముందు ఏం తెలుసు అన్నవి కూడా లెక్కే. 1983లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ గార్సియాని సభ్యుడిగా ఎన్నుకుంది.

పరాయి దేశంలో దిగిన మొదటి వారం కడుపు పాడైతే మనమూ అంతే కదా! తప్పు నీళ్లదో, నిద్రలేమిదో కావచ్చు. ఇంటి నుంచి తెచ్చుకున్న పచ్చడిని మాత్రం అనుమానించం, కొత్త కూరనే తిడతాం. అలా మీరు ఇప్పటికీ ముట్టని వంటకం ఏది? వాయిస్ మెసేజ్ పెట్టండి, వచ్చే వారం వినిపిస్తాం.